పత్రాలు లేని శ్రామికులకు ఒకే కొలబద్ద: ప్రవాసాంధ్రుల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ప్రవాసాంధ్రుల సాధికారత, సంబంధాల శాఖ మంత్రివర్యులకు,

విషయం: పత్రాలు లేని వలస కార్మికులకు చట్టబద్ధ హోదా కల్పించడంపై ప్రజాభిప్రాయం, రాష్ట్ర ప్రభుత్వ కర్తవ్యం.

పరాయి దేశంలో సరైన పత్రాలు లేకుండా పనిచేసుకుని బతుకుతున్న వారికి ఆ దేశం చట్టబద్ధమైన హోదా ఇవ్వాలా వద్దా అనే ప్రశ్నకు తెలుగు సమాజం సందర్భానికొక సమాధానం చెబుతూ వస్తున్నది. కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడల్లా, గడువు పెంచాలనీ, జరిమానాలు రద్దు చేయాలనీ, చిక్కుకున్న ప్రతి ఒక్కరికీ దారి చూపాలనీ పార్టీల తేడా లేకుండా అందరూ కోరుతారు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దించినప్పుడు మాత్రం, సంకెళ్లు వేసిన తీరును ఖండించిన వారిలోనే అనేకులు, దొంగదారిన వెళ్లినవారు ఫలితం అనుభవించక తప్పదని అన్నారు. ఇక పొట్టకూటికి మన దేశానికే వచ్చి పత్రాలు చూపలేని వారి విషయంలో వినిపించే మాట ఈ రెండింటికన్నా కఠినమైనది. మూడు సందర్భాల్లోనూ ఉన్నది కూలికోసం ఇల్లు విడిచిన మనిషే కనుక, ఈ మూడింటికీ వర్తించే ఒకే కొలబద్దను రాష్ట్ర ప్రభుత్వం స్వీకరించి, దాని ఆధారంగా కేంద్ర ప్రభుత్వంతోనూ ప్రజలతోనూ మాట్లాడాలన్నది ఈ లేఖ విన్నపం.

ఈ విన్నపం రాయదుర్గం నుంచి రావడానికి కారణముంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే అనంతపురం జిల్లాలో, వేదవతి ఒడ్డున ఇసుక మేటలు పొలాల మీదికి పాకుతున్న కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలను ఆనుకుని ఉన్న ఈ ప్రాంతంలో, వేరుశనగ చేను ఎండిన ఏడాది కుటుంబంలో ఎవరో ఒకరు ఊరు విడవడం తరతరాల అనుభవం. ఇక్కడి నుంచి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న బళ్లారికి గానీ, ఇంకా దూరాన ఉన్న బెంగళూరుకు గానీ పనికి వెళ్లే మనిషిని సరిహద్దులో ఎవరూ ఆపరు. అక్కడ అద్దె గది తీసుకుని ఏళ్ల తరబడి ఉన్నా ఎవరూ నేరస్థుడనరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేంతవరకు రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లాలో భాగం. ఆ రోజున ఆదోని, ఆలూరు తాలూకాలతో పాటు ఇది ఆంధ్రకు రాగా, బళ్లారి పట్టణం మైసూరు రాష్ట్రానికి చెందింది. ఒకే జిల్లాను చీలుస్తూ గీసిన ఆ గీత ఇక్కడి కూలీల బతుకును నేరంగా మార్చకపోవడానికి కారణం ఒక్కటే: దేశమంతటా సంచరించే హక్కును, ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులందరికీ ఇచ్చింది. అదే కరువు, అదే అప్పు, అదే మనిషి అరేబియా సముద్రం దాటితే ఆ హక్కు వెంటరాదు. అందువల్ల పత్రం లేకపోవడాన్ని మనిషి స్వభావంలోని దోషంగా చూడడం సరికాదు. అతను నిలబడిన నేల మీది చట్టానికీ అతని అవసరానికీ మధ్య మిగిలిపోయిన ఖాళీగా దాన్ని చూడాలి.

ఆ ఖాళీ ఎలా ఏర్పడుతుందో గల్ఫ్ అనుభవం స్పష్టంగా చూపుతుంది. 1970లలో చమురు ధరలు పెరిగిన తరువాత రాయలసీమ నుంచి, ముఖ్యంగా కడప, రాయచోటి, రాజంపేట, కదిరి పరిసరాల నుంచి కువైట్‌కు మొదలైన వలసలో ఇళ్లలో పనిచేసే స్త్రీలు, డ్రైవర్లు, వంటవారు, కాపలాదారులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అక్కడి విదేశీ కార్మికుని నివాసం కఫాలా అనే పద్ధతికి లోబడి ఉంటుంది. అంటే కార్మికుని వీసాకు పూచీ పడే యజమాని, అక్కడి మాటలో కఫీల్, కొనసాగించినంతకాలమే ఆ మనిషికి దేశంలో ఉండే అనుమతి ఉంటుంది. ఆ అనుమతి పత్రాన్ని అఖామా అంటారు. యజమాని అఖామాను పునరుద్ధరించకపోయినా, జీతం ఎగవేతనో దెబ్బలనో తట్టుకోలేక కార్మికురాలు ఇల్లు విడిచిన వెంటనే ఆమె పారిపోయిందని ఫిర్యాదు చేసినా, చట్టబద్ధంగా విమానం దిగిన మనిషి చట్టవిరుద్ధ నివాసిగా మారిపోతుంది. ఇలా యజమాని నుంచి విడిపోయి బయట దొరికిన పని చేసుకునేవారిని గల్ఫ్‌లోని తెలుగువారు ఖల్లివెల్లి అని పిలుస్తారు. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధించినా, మూసిన తలుపుల వెనుక ఆ నిషేధాన్ని అమలు చేయించడం కష్టమే. కాబట్టి గల్ఫ్‌లో పత్రం లేకుండా ఉన్నవారిలో గణనీయమైన భాగం తాము చేసిన తప్పు వల్ల కాక తమపై జరిగిన తప్పు వల్ల ఆ స్థితికి చేరారన్నది ప్రజాభిప్రాయం ముందుగా గుర్తించవలసిన వాస్తవం.

మన వైపు నిబంధనలు కూడా కొంత కారణం. 1983 నాటి వలసల చట్టం ప్రకారం, చదువు తక్కువగా ఉన్నవారి పాస్‌పోర్టులకు వలస తనిఖీ అవసరమనే ముద్ర పడుతుంది. వారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి పొందాలి. ఆ కోవకు చెందిన స్త్రీలు ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండి ఉండాలనీ, ప్రభుత్వ నియామక సంస్థల ద్వారానే వెళ్లాలనీ ఉన్న నియమాలు రక్షణ కోసమే వచ్చాయి. అయితే అధికారిక దారి ఇరుకైనప్పుడు సందర్శక వీసా మీద పంపే ఏజెంటు గడపలోకి వస్తాడు. అతని ద్వారా వెళ్లిన స్త్రీకి ఒప్పందం, బీమా, ప్రభుత్వ వలస పోర్టల్ అయిన ఈ-మైగ్రేట్‌లో నమోదు ఏవీ లేకపోవడంతో, ఆమె రక్షణ కోసం పెట్టిన నియమమే ఆమెను రక్షణకు దూరం చేస్తున్నది.

గల్ఫ్ ప్రభుత్వాలు కొన్నేళ్లకొకసారి ప్రకటించే క్షమాభిక్షలను, వాటి ఫలితాలను కూడా నిశితంగా పరిశీలించాలి. క్షమాభిక్ష అంటే, నిర్ణీత గడువులోగా ముందుకొచ్చిన వారిపై నివాస నిబంధన ఉల్లంఘనకు శిక్ష వేయకుండా దేశం విడిచి వెళ్లనివ్వడం, లేదా జరిమానా కట్టించుకుని హోదాను సరిచేయడం. కువైట్ 2018 జనవరి 29న మొదలుపెట్టిన గడువును ఏప్రిల్ 22 వరకు పొడిగించింది. 2020 ఏప్రిల్‌లో, కరోనా కాలంలో, వెళ్లిపోయేవారికి ఉచిత ప్రయాణ సౌకర్యం కల్పించింది. 2024లో మార్చి 17 నుంచి జూన్ 17 వరకు ఇచ్చిన గడువును ఆ నెలాఖరు దాకా పెంచింది. 2024లో జరిమానా కట్టి అక్కడే కొనసాగే వీలు కూడా ఉన్నది గానీ, అప్పటి గరిష్ఠ జరిమానా 600 దినార్లు. ఇంటిపనివారికి 2016లో నిర్ణయించిన కనీస వేతనం నెలకు 60 దినార్లు కాబట్టి, ఆ జరిమానా పది నెలల కనీస వేతనంతో సమానం. చట్టబద్ధ హోదా పొందే దారి కాగితం మీద తెరిచి ఉన్నా, దాని సుంకం పది నెలల కూలి అయినప్పుడు, తలుపు ఇంటికి వెళ్లేవారికే తెరుచుకున్నదని చెప్పాలి. అలా వెళ్లినవారు భారత రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్‌తో, అంటే పాస్‌పోర్టుకు బదులుగా ఒక్క ప్రయాణానికి చెల్లే అత్యవసర పత్రంతో, తీరని అప్పుతోనే ఊరు చేరుతారు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణలు అదే గల్ఫ్‌లో ఉన్నాయి. 2013లో సౌదీ అరేబియా నితాఖత్ విధానాన్ని, అంటే ప్రతి సంస్థలో స్వదేశీయులకు నిర్ణీత వాటా ఉద్యోగాలు ఇవ్వాలన్న నియమాన్ని, కఠినంగా అమలు చేయబూనినప్పుడు, జులై 3తో ముగియవలసిన గడువును నవంబరు 3 దాకా పెంచి, కార్మికులు అక్కడే యజమానిని మార్చుకుని హోదా సరిచేసుకునే వీలు కల్పించింది. లక్షలాది మంది భారతీయులు దాన్ని ఉపయోగించుకున్నారు. కువైట్ కూడా 2024 జులై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు ఇంటిపని వీసా మీద ఉన్నవారు షరతులకు లోబడి ప్రైవేటు సంస్థల వీసాకు మారడానికి అనుమతించింది. దేశం విడవకుండానే హోదాను సరిచేసే మార్గం ఆ ప్రభుత్వాలకు అసాధ్యం కాదని ఈ రెండూ రుజువు చేస్తున్నాయి. అయితే రెండు నెలలు తెరిచి మూసే కిటికీ మీద, వార్త తెలిసే వీలున్నవారు మాత్రమే ఆధారపడగలరు. ఇంటి నాలుగు గోడల మధ్య ఫోను కూడా దక్కని స్త్రీకి కావలసింది ఏడాది పొడవునా ఉండే హక్కు.

ప్రజాభిప్రాయం గురించి చెప్పేటప్పుడు దాన్ని కొలిచే తీరును కూడా గమనించాలి, ఎందుకంటే ప్రజలు వ్యతిరేకిస్తున్నారన్న మాటే తరచుగా ప్రభుత్వాల నిష్క్రియాపరత్వానికి సాకు అవుతున్నది. ఈ ప్రశ్నపై విస్తృతంగా సర్వేలు జరిగే అమెరికాలో, గాలప్ సంస్థ 2025లో అడిగినప్పుడు, పత్రాలు లేనివారు తగిన షరతులు నెరవేరిస్తే కాలక్రమంలో పౌరులయ్యే అవకాశం ఇవ్వాలని 78 శాతం మంది అన్నారు. చట్టవిరుద్ధంగా ఉన్న వారందరినీ తిప్పి పంపాలన్నవారు 2024లోని 47 శాతం నుంచి 38 శాతానికి తగ్గారు. ఈ 78ని, 38ని కలిపితే నూరు దాటుతుంది, అంటే కొందరు రెండింటికీ అవునన్నారు. షరతుల ప్రస్తావనతో అడిగితే మనిషి కనిపిస్తాడు, అందరినీ అంటూ అడిగితే గుంపు కనిపిస్తుంది. అంతేకాక, ఏడాదిలోనే ఇంత మార్పు రావడాన్ని బట్టి, ఈ విషయంలో ప్రజల మనసు స్థిరమైన ద్వేషంతోనో స్థిరమైన జాలితోనో నిండి లేదనీ, కళ్లెదుట జరిగే అమలు తీరును చూసి అది కదులుతుందనీ తెలుస్తున్నది. చర్చకు ఆధారమైన లెక్కలు కూడా అంతే అనిశ్చితమైనవి: 2022లో అమెరికాలో పత్రాలు లేని భారతీయులు సుమారు 7.25 లక్షలని ప్యూ పరిశోధన సంస్థ అంచనా వేయగా, అదే సంవత్సరానికి ఆ దేశ అంతర్గత భద్రతా శాఖ అంచనా 2.2 లక్షలు. మూడింతలకు పైగా తేడా ఉన్న అంకెల మీద నిలిచిన భయాన్ని ప్రజాభిప్రాయంగా భావించి విధానం రూపొందించడం న్యాయం కాదు.

చట్టబద్ధ హోదాను వ్యతిరేకించేవారి వాదనల్లో రెండింటికి బలముంది. వాటిని పక్కకు నెట్టకుండా ఎదుర్కోవాలి. మొదటిది వరుసలో నిలబడ్డవారి వాదన. అమెరికాలో హెచ్-1బి వీసా మీద పనిచేస్తున్న తెలుగువారు శాశ్వత నివాసానికి అర్హత పొందినా, ఒక్కో దేశానికి ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల దశాబ్దాలు వేచి ఉండవలసి వస్తున్నది. ఉద్యోగ కోటాలో ఇలా నిరీక్షిస్తున్న భారతీయులు, కుటుంబసభ్యులతో కలిపి, పది లక్షలకు పైనే. నియమం పాటించినవారు ఆగిపోగా పాటించనివారు ముందుకు వెళ్తారా అన్న వారి ఆవేదన సహేతుకమైనదే. కానీ వారిని ఆపినది పత్రాలు లేని కూలీ కాదు, ఏళ్లుగా సవరణకు నోచుకోని ఆ పరిమితి. పైగా చట్టబద్ధంగా వెళ్లినవారు కూడా ఎంత సులభంగా పత్రాలు లేనివారిగా మిగులుతారో 2019 జనవరిలో మిషిగన్‌లో తెలిసివచ్చింది. అమెరికా అధికారులే వల పన్నడానికి నెలకొల్పిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం కేసులో అరెస్టయిన సుమారు 130 మంది విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులే, వారిలో అత్యధికులు తెలుగువారు. తరగతులు లేని చోట చేరడంలో వారి బాధ్యత కొంత ఉన్నదన్న విమర్శ వచ్చింది. అయినా రెండు తెలుగు రాష్ట్రాలూ అప్పుడు వారి పక్షాన నిలిచి సహాయం కోరాయి. ఆ సానుభూతి సరైనదైతే, అది చదువుకున్న ఇంటి పిల్లలకు ఒక విధంగా, రాయచోటి ఇంటిపని మనిషికి మరొక విధంగా ఉండకూడదు.

రెండవది, ఒకసారి క్షమిస్తే మరింతమంది వస్తారన్న వాదన. అమెరికా 1986లో చేసిన వలస సంస్కరణల చట్టం, 1982 జనవరి 1కి ముందు నుంచి ఉంటున్నవారికీ, కొందరు వ్యవసాయ కూలీలకూ, మొత్తం సుమారు 27 లక్షల మందికి హోదా ఇచ్చింది. ఆ తరువాత రెండు దశాబ్దాల్లో పత్రాలు లేనివారి సంఖ్య కోటి దాటింది. అయితే ఆ చట్టం గతాన్ని సరిచేసిందే గానీ, పొలాలకూ నిర్మాణాలకూ కావలసిన కొత్త కూలీలు చట్టబద్ధంగా రావడానికి చాలినంత దారి వేయలేదు, పత్రాలు లేనివారిని పెట్టుకున్న యజమానులపై చర్యను గట్టిగా అమలు చేయలేదు. స్పెయిన్ 2005లో వేరే పద్ధతి ఎంచుకుని, పని ఒప్పందం చూపినవారికే హోదా ఇచ్చి, సుమారు 5.7 లక్షల మందిని సామాజిక భద్రతా వ్యవస్థలో చేర్చింది. హోదా పొందిన ఒక్కొక్కరి వల్ల ఏటా సుమారు 4,000 యూరోల అదనపు రాబడి ఖజానాకు చేరిందని తరువాత ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. దీన్నిబట్టి, క్షమ ఒక్కటే చాలదనీ, దానితో పాటు ముందున్న దారిని వెడల్పు చేయడం, యజమానిని బాధ్యుణ్ని చేయడం జరిగితేనే ఆ వాదనకు సమాధానం దొరుకుతుందనీ తేలుతున్నది.

ఇతర దేశాలను అడిగే న్యాయాన్ని మన దేశం ఎంతవరకు పాటించిందో కూడా చూసుకోవాలి. 1985 నాటి అస్సాం ఒప్పందం తరువాత పౌరసత్వ చట్టంలో చేరిన 6ఎ నిబంధన, 1966 జనవరి 1కి ముందు తూర్పు పాకిస్తాన్ నుంచి అస్సాంకు వచ్చినవారిని పౌరులుగా అంగీకరించింది; ఆ తేదీ నుంచి 1971 మార్చి 24 వరకు వచ్చినవారికి పదేళ్లపాటు ఓటు హక్కు ఆపి, మిగిలిన హక్కులు ఇచ్చింది. 2024 అక్టోబరు 17న సుప్రీంకోర్టు 4:1 మెజారిటీతో దాన్ని సమర్థించింది. కాబట్టి తేదీ నిర్ణయించి, షరతు పెట్టి, హోదా ఇచ్చే విధానం మనకు కొత్తది కాదు. మన మనుషులే అటువైపు నిలబడిన చరిత్ర కూడా ఉంది. తరాల తరబడి రంగూన్ రేవులలో, మిల్లులలో శ్రమించినా బర్మా పౌరులుగా గుర్తింపు పొందని తెలుగువారు 1960లలో వెనక్కి రావలసి వచ్చినప్పుడు ఏర్పడిన స్థావరాల గుర్తు విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరులో నేటికీ ఉన్నది. అందుకు భిన్నంగా, 1964 అక్టోబరు 30 నుంచి తమ దేశంలో ఉంటున్న భారత సంతతి వారికీ వారి సంతానానికీ శ్రీలంక 2003లో చట్టం చేసి పౌరసత్వం ఇచ్చి, దశాబ్దాల సమస్యకు ముగింపు పలికింది. ఇక దేశ పౌరులై ఉండి కూడా పత్రాలు లేక నలుగుతున్నవారు తెలుగు రాష్ట్రాల అడవుల్లోనే ఉన్నారు: 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం హింసకు తాళలేక గోదావరి ప్రాంతానికి వచ్చిన గుత్తికోయ ఆదివాసులు, అటవీ హక్కుల చట్టం విధించిన 2005 డిసెంబరు 13 అనే గడువు తేదీ వల్ల, కుల ధ్రువీకరణ చిక్కుల వల్ల, సాగు చేసే భూమిపై హక్కు పొందలేకపోతున్నారు. మన అడవిలో వారిని ఆక్రమణదారులని పిలుస్తూ, కువైట్‌లో మనవారిని బాధితులని పిలవడం పొసగదు.

ఈ అనుభవాలన్నిటి నుంచి తేలే కొలబద్దలో మూడు ప్రశ్నలుంటాయి: ఆ మనిషి అక్కడ ఎంతకాలంగా నివసిస్తూ శ్రమిస్తున్నాడు, పత్రం లేని స్థితికి అతను కారణమా, యజమానో ఏజెంటో యుద్ధమో కారణమా, నియమబద్ధంగా మారడానికి అతని స్తోమతలో ఉన్న దారి ఏదైనా ఎప్పుడైనా ఇచ్చారా. ఈ మూడింటినీ విచారించకుండా ఎవరినీ బహిష్కరించకూడదు. దీర్ఘకాల నివాసం, నిజాయితీ గల శ్రమ ఉండి, దారి ఇవ్వకపోవడం వల్లనే పత్రం లేకపోయిన మనిషికి హోదా ఇవ్వాలి. సరిహద్దులను కాపాడుకునే హక్కు ప్రతి దేశానికీ ఉన్నది. హింసకూ మనుషుల రవాణాకూ పాల్పడినవారికి ఈ న్యాయం వర్తించదు. అయితే పదేళ్లు ఒక ఇంట్లో వంట చేసిన స్త్రీ ఆ కోవలోకి రాదు.

ఈ కొలబద్దను అనుసరించి శాఖ చేయవలసిన పనులు నాలుగు. మొదటిది, ఇంటిపనివారి విషయమై భారత్, కువైట్‌ల మధ్య 2021 జూన్ 10న కుదిరిన అవగాహన ఒప్పందాన్ని ఆధారం చేసుకుని, జీతం ఇవ్వని లేదా హింసించే యజమానిని అతని సమ్మతి లేకుండానే ఏడాదిలో ఎప్పుడైనా మార్చుకునే హక్కు, అటువంటి వారికి జరిమానా మినహాయింపు సాధించేలా విదేశాంగ శాఖపై రాష్ట్రం అధికారికంగా ఒత్తిడి తేవాలి. రెండవది, క్షమాభిక్ష ప్రకటించిన నాడే సమాచారం గ్రామ, వార్డు సచివాలయాల ద్వారా కుటుంబాలకు చేరాలి. హోదా సరిచేసుకుని అక్కడే ఉండదలచిన పేద మహిళల జరిమానా కోసం, వడ్డీ లేని రుణం ఇచ్చే నిధి ఒకటి ఉండాలి, ఎందుకంటే ఆ దశలో వారికి దొరికే మరో అప్పు ఊరి వడ్డీ వ్యాపారిదే. మూడవది, రాయదుర్గం వంటి కరువు నియోజకవర్గాలలో, వెళ్లకముందే ఒప్పందాన్ని తెలుగులో, సరిహద్దు గ్రామాల్లో కన్నడంలో కూడా చదివి వినిపించి, ఈ-మైగ్రేట్‌లో నమోదు చేయించే కేంద్రాలు నెలకొల్పి, సందర్శక వీసా మీద పనికి పంపే ఏజెంట్లపై కేసులు నడపాలి. నాలుగవది, గుత్తికోయల వంటి అంతర్గత నిరాశ్రయులకు భూమి, రేషన్, బడి విషయాల్లో హోదా కల్పించే విధానాన్ని రాష్ట్రం తనంతట తానే ప్రకటించాలి. ఇంట్లో పాటించిన న్యాయాన్నే పరాయి ప్రభుత్వాన్ని నమ్మకంగా అడగగలం.

ప్రజాభిప్రాయం దానంతటదే పక్వమయ్యేవరకు వేచి చూడడం ఇందుకు మార్గం కాదు. ఇళ్లల్లో దాచుకున్న అవమానంగా మిగిలిపోయిన గల్ఫ్ అనుభవాలను గ్రామసభలలో, శాసనసభలో చర్చకు తెచ్చి, అఖామా పోవడానికి కారణాలేమిటో ప్రభుత్వమే ప్రజలకు వివరిస్తే, వెళ్లినవారిదే తప్పన్న తీర్పు చాలావరకు మారుతుంది. తిరిగివచ్చినవారి వివరాలు మండలాలవారీగా సేకరించి, పేర్లు బయటపెట్టకుండా, ఎవరు ఎందువల్ల పత్రాలు కోల్పోయారో తెలిపే నివేదికను శాసనసభ ముందు ఉంచడం అందుకు తొలి అడుగు. రాబోయే సమావేశాల్లోనే ఆ నివేదికకు గడువు ప్రకటించాలనీ, పై నాలుగు పనులకు బాధ్యుడైన అధికారిని నియమించాలనీ ఈ ప్రాంత శ్రామిక కుటుంబాల పక్షాన ఈ లేఖ కోరుతున్నది.

భవదీయులు,
రాయదుర్గం, అనంతపురం జిల్లా